బయటివాళ్ళకు రెండు వేళ్ళు

ఆదివారం ఉదయం ఏడు కొట్టేసరికి తామ్ కామ్‌షెక్ అనే ముసలాయన టీ హోటల్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర మూడు కుర్చీలు కబ్జా చేసేసేవాడు. ఒకదానిలో తను, రెండోదానిలో న్యూస్‌పేపరు, మూడోదానిలో గొడుగు. షామ్‌షుయ్‌పో పేటలో ఆదివారం పూట కుర్చీ ఖాళీగా కనబడితే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి అదే బల్ల దగ్గర కూర్చుంటారు. అక్కడ అది తప్పు కాదు. అయినా గొడుగు మీద ఎవరి చెయ్యి పడినా ఆయన కళ్ళెర్రజేసేవాడు.

నలభై ఏళ్ళు వెదురు పరంజాలు కట్టిన మనిషి. ముప్ఫయ్యో అంతస్తు బయట గాలిలో నిలబడి సిగరెట్టు ముట్టించుకునేంత మొండి. తన కొడుకును కూడా ఆ పనిలోనే పెట్టాడు. రెండేళ్ళ కిందట వానలో తడిసిన వెదురు మీద కొడుకు కాలు జారింది. ఆ పనిలో పెట్టింది నువ్వే కదా అని ఆయన్ని ఎవరూ అనలేదు. ఒకరు అనాలా ఏమిటి? ఆయనే రోజూ అనుకునేవాడు.

ఇక మిగిలింది మనవరాలు హిన్‌హిన్. నాలుగున్నరేళ్ళది. కోడలు షుక్‌యీ ఆదివారం పదింటికి పిల్లను హోటల్ గుమ్మం దగ్గర దింపి, పదకొండున్నరకు వచ్చి తీసుకెళ్ళేది. ఆ గంటన్నర కోసమే ఆయన వారమంతా బతికేవాడు. అక్కడి అలవాటు ప్రకారం వేడి టీతో గిన్నెలు, కప్పులు కడిగి పిల్ల ముందు పెట్టేవాడు. పెద్దల్ని పిలవకుండా చిన్నవాళ్ళు ముద్ద ముట్టకూడదని నేర్పాడు. అందుకని హిన్‌హిన్ నోరూరుతున్నా ఆపుకుని, "తాతా, తినండి!" అని అరిచేది. అప్పుడుగానీ ఆయన చాప్‌స్టిక్‌లు ఎత్తేవాడు కాదు.

ఇంకొకటి కూడా నేర్పాడు. కప్పులో ఎవరైనా టీ పోస్తే రెండు వేళ్ళు వంచి బల్ల మీద టకటకా కొట్టాలి, అదే దండం. "నాకు మటుకు కొట్టకు, బంగారం. ఇంట్లోవాళ్ళకి దండాలేంటి? బయటివాళ్ళు పోస్తేనే," అనేవాడు. ఊళ్ళో ఎవరికీ లేని నియమం అది, ఆయన సొంతం. పిల్ల బుద్ధిగా తలూపేది.

ఆ ఆదివారం షుక్‌యీ గుమ్మం దగ్గర ఆగలేదు. పిల్లతోబాటు లోపలికొచ్చి గొడుగు తీసి కింద పెట్టి కూర్చుంది.

టిఫిన్ల బండి తోసుకుంటూ వచ్చిన హోటల్ మనిషి ఫొంగ్ ఊరుకుంటుందా! "తామ్ అన్నా, ఇవాళ కోడలు కూడా దిగింది! ఇంక నీ మొహం చూడ్డానికి కాస్త బాగుంటుంది," అంటూ ఆవిర్లు కక్కుతున్న రొయ్యల కుడుములు, గుడ్డు సొన బన్నులు పెట్టేసి పోయింది.

"మామయ్యా, వచ్చే నెలే నా పెళ్ళి," అంది షుక్‌యీ. "పెళ్ళయ్యాక నేనూ పిల్లా పాన్ వాళ్ళింటికే వెళ్ళిపోతున్నాం."

"మంచిదేనమ్మా. నీకింకా ముప్ఫై కూడా నిండలేదు. ఆదివారాలు మటుకు దీన్ని..."

"అదే చెప్దామని వచ్చాను. వాళ్ళూ ఆదివారాలే అందరూ కలిసి టీకి వెళ్తారు. ఇప్పట్నుంచీ వాళ్ళ నాన్ననే ఇది తాతా అనాలంట. ఇద్దరు తాతలంటే వద్దంటున్నారు. వాళ్ళమ్మకి మన పేరెత్తితేనే పడదు. చనిపోయినాయన తాలూకు మనుషులు పెళ్ళింటికి అచ్చిరారంట."

"పోనీ, నెలకోసారి?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వాళ్ళు కూర్చునే హోటలుకే వస్తాలే. దూరంగా ఓ మూల కూర్చుంటా. పలకరించను కూడా."

"అలా అడక్కండి మామయ్యా. నా చేతుల్లో లేదు," అని కళ్ళు తుడుచుకుంది. ఆమెను తిట్టడానికి ఆయనకు నోరు రాలేదు. తిట్టదగ్గ మనిషి దొరికినా కాస్త తేలికపడేవాడు.

కుడుములు చల్లారిపోతున్నాయి. ఒకటి తీసి పిల్ల గిన్నెలో వేశాడు. పిలుపు కోసం చూస్తూ కూర్చున్నాడు. హిన్‌హిన్ అమ్మ మొహం చూసింది. అమ్మ తల వంచుకుంది.

"పెద్దాయనా, తినండి," అంది హిన్‌హిన్.

లిఫ్టులో ఎదురైన ముసలివాళ్ళందరినీ ఆ పిల్ల అలాగే పిలుస్తుంది. ఆయన ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి టీ కూజా అందుకుని పిల్ల కప్పులో కొంచెం పోశాడు. చిన్న వేళ్ళు రెండు వంగి బల్ల మీద టకటకమన్నాయి.

"నాకు కొట్టక్కర్లేదని చెప్పాను కదా, బంగారం?"

"అది తాత పోస్తే కదా! మీరింక తాత కాదని అమ్మ చెప్పింది. బయటివాళ్ళు పోస్తే కొట్టాలని మీరే చెప్పారు."

నేర్పింది పొల్లు పోకుండా అప్పజెప్పి, మెచ్చుకుంటాడేమోనని ఆయన మొహంలోకి చూసింది.

"అవునమ్మా," అన్నాడు ఆయన. "సరిగ్గానే కొట్టావు."

మరుసటి ఆదివారం కూడా ఏడింటికే వెళ్ళాడు. గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరో మొగుడూ పెళ్ళాం వచ్చి, "ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగితే లేరన్నాడు. వాళ్ళు కూర్చున్నారు. కాసేపటికి ఆవిడ తమ కూజాలోంచి ఆయన కప్పులో కూడా టీ పోసింది. ఆయన రెండు వేళ్ళు వంచి బల్ల మీద కొట్టాడు.