వాన వద్దన్న ప్రకాశం

కోసిగి పక్కనున్న ఆ పల్లెలో చర్చి అంటే ప్రకాశం, ప్రకాశం అంటే చర్చి. అరవై దాటిన మనిషి. తండ్రి పోయినప్పటి నుంచి గంట కొట్టేదీ, కసువు ఊడ్చేదీ, ఆదివారం చాపలు పరిచేదీ ఆయనే. పంటలైపోయాక ఊరు ఊరంతా పనులు వెతుక్కుంటూ గుంటూరు మిరప చేలకో, బెంగుళూరు కట్టడాలకో సుగ్గికి పోతుంది. ప్రకాశం ఏనాడూ పోలేదు. "గుడికాడ ఒక మనిషి ఉండాల గదా" అంటాడు. భార్య సువార్తమ్మ సుగ్గికి పోయి రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చిందే ఆ ఇంటికి తిండి. అలాంటి మొగుణ్ణి భరించడానికి ఎంత ఓపిక కావాలో మీరే చెప్పండి. ఆమె మాత్రం ఒక్కనాడూ ఇదేమిటని అడగలేదు.

చర్చి దొరల కాలం నాటిది. రాతి గోడలు, రాళ్ళ మధ్య ఎర్రమట్టి, పైన దూలాలు, వాటి మీద మూరెడు మందాన చవుడు మట్టి. ఆ మట్టి కప్పునే మిద్దె అంటారు. అది కారడం మొదలై చాలా ఏళ్ళయింది. ఈ ఏడు ఎట్లాగైనా బాగుచేయాలని సంఘమంతా ఒక మాట మీదికొచ్చి, పని వలి సాహెబుకి అప్పజెప్పింది. ఆ చుట్టుపక్కల మిద్దెలు కప్పే మేస్త్రీ ఆయనే.

మిద్దె పనికి ఒక పద్ధతుంది. రెండు దూలాల మధ్యనుండే అంకణం ఒకటి విప్పి, దాన్ని కప్పి, ఆ తర్వాతే పక్కది ముట్టుకుంటారు. ప్రకాశం ఆ పద్ధతిని గాలికొదిలేశాడు. ఆయన లెక్క ఆయనది. ఈస్టరు నాటికి జనం సుగ్గి నుంచి తిరిగొచ్చి ఇళ్ళల్లో ఉన్నారు. ఏరువాక మొదలైతే ఎవరి చేను వాళ్ళదే, సాయానికి ఒక్కడు దొరకడు.

"మనుషులు ఈడ ఉండంగానే అంతా విప్పేద్దాం సాబూ. ఇంటికొకరు వస్తారు" అన్నాడు.

"అంతా విప్పితే మల్ల మూసేకి శానా దినాలు పడతాది ప్రకాశమప్పా. నడాన వానొస్తే?" అన్నాడు వలి సాహెబు.

"మన సీమలో వానా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వే కొంప ముంచింది.

జనం ఎగబడి మట్టంతా దించేశారు. దించాక చూస్తే ఏముంది, దూలాల్లో సగం చెద తినేసి లోపల డొల్ల. కొత్త కలప కర్నూలు నుంచి రావాలి. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటూనే ఎండాకాలం కాస్తా అయిపోయింది.

తొలకరి దబదబా కురిసింది. ఊరంతా విత్తనాల సంచులెత్తుకుని చేలకు పరుగెత్తింది. సువార్తమ్మ కూడా తమకున్న చేని చెక్కలో పత్తి విత్తింది. ప్రకాశం ఒక్కడే చర్చికి పరుగెత్తాడు. కప్పు లేని గోడల్లోకి నీళ్ళు దిగి, రాళ్ళ మధ్య మట్టి కరిగి కారుతోంది. టార్పాలిన్ పట్టలు కప్పబోతే గాలి లాక్కుపోయింది. తూర్పు మూల గోడ ఆయన కళ్ళముందే జారి కుప్పకూలింది.

వలి సాహెబు వచ్చి గోడలన్నీ చేత్తో తడిమి చూశాడు. "ఇట్లాంటిది ఇంకొక్కటి వచ్చిందంటే ఏదీ నిలబడదప్పా" అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ప్రకాశం పడిపోయిన రాళ్ళ మధ్య మోకాళ్ళూనాడు. ఆ సీమలో పుట్టినవాడెవడూ అడగనిది అడిగాడు. దూలాలు పైకెక్కేదాకా వాన వద్దు ప్రభువా అన్నాడు.

వాన రాలేదు.

కలప వచ్చింది. కూలిన గోడ కట్టడంతో పని మొదలైంది. చేలల్లో మొలకలు వాడిపోవడమూ మొదలైంది. ఊళ్ళో కప్పతల్లిని ఊరేగించారు. వలి సాహెబు వాళ్ళు ఊరి బయట ఎండలో నిలబడి నమాజు చేశారు. ఆదివారం కప్పు లేని చర్చిలో పాస్టరయ్య వర్షం దయచేయి తండ్రీ అంటే అందరూ గొంతెత్తి ఆమేన్ అన్నారు. ప్రకాశం నోరు పెగల్లేదు. పడమట మబ్బు పడితే అందరి మొహాలూ విప్పారేవి, ఆయన మాత్రం పట్టలెత్తుకుని గోడల వైపు పరుగెత్తేవాడు. ఛీ, ఇదేం బతుకని తనను తానే తిట్టుకునేవాడు.

ఒకనాడు చేనికి పోతే సువార్తమ్మ బిందెతో నీళ్ళు మోసి మొక్క మొక్కకూ పోస్తోంది.  పోనీ, గుడి పోతే పోయింది, వాన రానీ అని అడుగుదామనుకున్నాడు. చర్చి దాకా వచ్చాడు. పైన వలి సాహెబు మొదటి దూలాన్ని గోడల మీదికి ఎక్కిస్తున్నాడు. మాట పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

మిద్దె పూర్తయింది. ఇక ప్రకాశం నోరారా వాన అడిగాడు. కాళ్ళావేళ్ళా పడి అడిగాడు. చినుకు రాలలేదు. పత్తి మోకాలెత్తు కూడా లేవకుండా మాడిపోయింది. దసరా రాకముందే ఊరు సుగ్గికి మూటలు కట్టింది.

లారీ దగ్గర ప్రకాశం భార్య మూట పట్టుకుని వదల్లేదు.

"సువార్తా, వాన వద్దని నేనే అడిగినా. గుడి కోసరం. మీ అందరి నోట్లో మన్ను కొట్టింది నేనే."

 ఆమె మూట మెల్లగా లాక్కుని లారీలోకి వేసింది.

"గోడ పడినప్పుడు నీ మొగం చూసినా. గుడి పోతే నువ్వు బతకవు. నేనూ అదే అడిగినా" అంది. "యాళకు ఇంత తిను" అని లారీ ఎక్కింది.

ఆదివారం ప్రకాశం గంట కొట్టాడు. కొత్త మిద్దె కింద సుగ్గికి పోలేని ముసలోళ్ళు నలుగురు వచ్చి కూర్చున్నారు. కృతజ్ఞతా ప్రార్థన నువ్వే చెయ్యాలని పాస్టరయ్య ఆయన్ను నిలబెట్టాడు. ప్రకాశం లేచి చేతులు జోడించాడు. దేవుణ్ణి ఇంకేదైనా అడగాలంటేనే ఆయనకు భయం. నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ముసలోళ్ళు కాసేపు చూసి, వాళ్ళే ఆమేన్ అనేసి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచి వెళ్ళిపోయారు.