మఖమల్ చీమ మొగుడు

మొన్న సోమవారం మొదటి పీరియడ్‌కి వెళ్తుంటే రెడ్డిగూడెం నుంచి ఫోన్ వచ్చింది. మా తోటలో పాతికేళ్లు కూలికి మామిడికాయలు కోసిన, మేమంతా పెద్దమ్మ అని పిలిచే మనిషి పోయిందని ఆమె కూతురు చెప్పింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, ఇంటర్ పిల్లలకు ఆమె గురించే చెప్పాను. చెబుతున్నకొద్దీ దుఃఖం వెనక్కి పోయి ఉత్సాహం ముంచుకొచ్చింది. మీకూ చెప్పాలనిపించింది.

నేను జువాలజీ చెబుతాను. మఖమల్ చీమ అనే పురుగుంది. పేరుకే చీమ, నిజానికి కందిరీగ జాతి. ఒంటి మీద ఎర్రటి మెత్తని నూగు, నల్లటి పొట్ట మీద తెల్లచుక్కలు. ఆడదానికి రెక్కలుండవు, మగదానికి ఉంటాయి. రెండూ ఒకే జాతి అంటే ఎవరూ నమ్మరు. చాలా ఏళ్లపాటు మగదాన్ని నేనూ చూడలేదు.

నాలుగేళ్ల కిందట, కోతల చివర్లో, ముసునూరులోని మా తోటలో ఎర్రది కనిపిస్తే వంగి చూస్తున్నాను.

"ముట్టుకోకండి మేడంగారూ. కుడితే సూది దిగినట్టుంటది" అంది పెద్దమ్మ. "దీని మొగుడు నల్లగా ఉంటాడు. ఆడికి రెక్కలు."

"అదే దీని మొగుడని నీకెలా తెలుసు?"

"కాపరం చేస్తుంటే చూశానండి. మావోళ్లకి చెబితే నవ్వారు."

నేను నవ్వలేదు గానీ, పూర్తిగా నమ్మనూ లేదు. ఆమె నొచ్చుకోలేదు. కింద ఏ ప్రాణీ లేదని చూసుకున్నాకే కూర్చునే మనిషి ఆమె. "ముందు చూడాలండి. పేరు తర్వాతెట్టుకోవచ్చు" అనేది.

మర్నాడు ఆ చెట్ల కింద మా తమ్ముడు ట్రాక్టర్‌తో దున్నించబోతున్నాడు. ఆ పురుగు పిల్లలు పెరిగేది నేలలో ఉండే కందిరీగల, తేనెటీగల గూళ్లలోనే. దున్నితే అన్నీ పోతాయి.

"పొద్దున్నే వచ్చేయండి, చూపిస్తా" అంది.

ఎండెక్కేదాకా ఇసుకదారి పక్కన కూర్చున్నాం. ఎర్రది ఒక్కటే అటూ ఇటూ పరుగెడుతోంది. ట్రాక్టర్ చప్పుడు దగ్గరైంది. నేను లేవబోతుంటే ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"కదలకండి."

నల్లటిది నేలబారుగా ఎగురుతూ వచ్చి ఎర్రదాని మీద వాలింది. దాన్ని ఒడిసి పట్టుకుని అమాంతం పైకి లేచింది. నా చేతిలో ఫోన్ ఉందన్న సంగతే గుర్తు రాలేదు.

తర్వాత తమ్ముణ్ణి బతిమాలి ఆ నాలుగు చెట్ల కింద దున్నడం ఆపించాను. ఇప్పటికీ అక్కడ దున్నలేదు.

ఆ పొద్దున మాత్రం, అరవై దాటిన పెద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, వంగిన కొమ్మల కింద తల దించుకుంటూ ఆ జంట వెనకే పరుగు తీసింది. "అదిగో మేడంగారూ, మొగుడు, అదిగో" అంటూ, వేలు పైకి చూపిస్తూ, ఆకుల మధ్య నుంచి పడుతున్న ఎండలోకి.