తల్లీ అన్నా, తళ్ళి అన్నా

పాప్పాత్తికి కుళ్ళు పుట్టింది ఒక కుర్చీని చూసి. నవ్వకండి. వేదవల్లి ఇంట్లో కుళ్ళుకోవడానికి వస్తువులకేం కొదవ లేదు. రెండు తలుపుల ఫ్రిజ్ ఉంది, ఎండాకాలంలోనూ నీళ్ళు పోసే బోరు ఉంది, పెళ్ళిళ్ళకు వేసుకునే ఐదుపేటల గొలుసు ఉంది. పదిహేనేళ్ళుగా ఆ ఇంటి పెరట్లో నేలమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ అవన్నీ చూసిన మనిషే పాప్పాత్తి. దేనిమీదా కన్ను వేయలేదు. ఆమె కడుపు మండింది మాత్రం రాగిమేడు పోలీసు స్టేషన్లో వేదవల్లికి వేసిన నీలం ప్లాస్టిక్ కుర్చీని చూసి.

పాప్పాత్తి పుట్టింది తమిళనాడులో మారండహళ్ళి పక్క. పదిహేడో ఏట కాళియన్‌ను చేసుకుని రాగిమేడు కాలనీకి వచ్చింది. అక్కడ రోడ్డుకు ఇటు ఊరు, అటు దళితుల కాలనీ. రెండు పక్కలా ఇళ్ళల్లో తెలుగే, గడప దాటితే తమిళం. వేదవల్లి పెద్దలు కొన్ని వందల ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారట. పాప్పాత్తి పెద్దలు వచ్చిందీ అప్పుడే, అదే దారిన. వాళ్ళకు భూమి దొరికింది, వీళ్ళకు ఆ భూమిలో కూలి దొరికింది. తెలుగు అక్షరం ముక్క ఇద్దరికీ రాదు. "మనం తెలుగోళ్ళం కదే" అని వేదవల్లి ఎంతో ప్రేమగా అంటుంది. అంటూనే పశువుల కొట్టం గూట్లో బోర్లించి పెట్టిన గ్లాసు తెచ్చుకోమని చెప్పి, అందులో పైనుంచి కాఫీ పోస్తుంది. కాఫీ చిక్కగానే ఉంటుంది, అది కాదనలేం.

పోయిన ఆడి నెలలో వేదవల్లి కూతురు చిత్ర వెంటపడ్డారు, బైకు మీద ఇద్దరు. చిత్ర అదియమాన్‌కోట్టై దగ్గర బడిలో టీచరు. సాయంత్రం ఆరున్నర బస్సు దిగి ఊళ్ళోకి నడిచే దారిలో వాళ్ళు పక్కనే నెమ్మదిగా బండి నడుపుతూ పిచ్చి కూతలు కూసేవాళ్ళు. మూడోరోజే వేదవల్లి స్టేషన్‌కు బయలుదేరింది. "ఏమే పాప్పాత్తీ, తోడు రా" అంటే పాప్పాత్తీ వెంట వెళ్ళింది.

స్టేషన్ గడపలో కాన్‌స్టేబుల్ వేదవల్లిని చూస్తూనే లేచాడు. కుర్చీ లాగి, మెడలో తువ్వాలు తీసి తుడిచి, "ఉక్కారుంగమ్మా" అన్నాడు. కూర్చోండమ్మా అని అంత మర్యాదగా పోలీసు నోరు పలకగలదని పాప్పాత్తికి ఆ రోజే తెలిసింది. ఆమె వెనకాలే గడప దాటబోయింది. అదే నోరు, "ఏయ్, తళ్ళి నిల్లు" అంది.

తళ్ళి నిల్లు అంటే తమిళంలో దూరంగా జరిగి నిలబడు అని. ఆ మాట పాప్పాత్తికి కొత్త కాదు. రేషన్ కొట్టు దగ్గర, గుడి ముందు, ఆస్పత్రి చీటీల వరసలో పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది. అది వింటే బుర్రతో పని లేకుండా కాళ్ళే వెనక్కి పోతాయి. ఆ రోజూ పోయాయి. పట్టుకొచ్చి పడేసిన పాత బైకుల వరస వీపుకు తగిలేదాకా వెనక్కి వెళ్ళి, అక్కణ్ణుంచి ఆ నీలం కుర్చీని చూస్తూ గంటసేపు నిలబడింది. కుర్చీ ఏమంత గొప్పదీ కాదు, ఒక చెయ్యి విరిగి ఉంది. అయినా లోపల భగ్గుమంది.

మర్నాటి నుంచి ఆరున్నరకు బస్టాపులో పోలీసు బండి నిలబడింది. అదే బస్సులో పాప్పాత్తి కూతురు మలర్ కూడా దిగేది. ధర్మపురిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది, రెండో ఏడు. చిత్రకోసం వచ్చిన కాపలాలో మలరూ నిశ్చింతగా నడిచి ఇల్లు చేరింది. రెండు నెలల తర్వాత చిత్ర స్కూటీ కొనుక్కుంది. పోలీసు బండి ఆ వారమే మాయమైంది. బస్సులో ఇంకా ఆడపిల్లలు దిగుతున్నారన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

బైకు వాళ్ళకు మాత్రం గుర్తుంది. మలర్ వారం పాటు ఇంట్లో చెప్పలేదు. ఒకరోజు చున్నీ చిరిగి, ఒక కాలికే చెప్పుతో ఇల్లు చేరింది. ఇంక దాచడానికేముంది?

"చదివింది చాలు. సోమారం నుంచి బస్సు ఎక్కొద్దు" అన్నాడు కాళియన్.

"స్టేషన్లో చెప్తాము. చిత్రకు చేసినారు కదా" అంది పాప్పాత్తి.

"చిత్రకు చేస్తారు. మనం పోతే మనమే దొంగలం అయ్యేది. నీకు తెలీదా?"

ఆమెకు తెలుసు. పన్నెండేళ్ళ కిందట ఊళ్ళో ఒక బావి మోటారు పోతే, ఎవరినీ ఏమీ అడగకుండా కాలనీ నుంచి కాళియన్‌తో సహా పదకొండు మంది మగవాళ్ళను తీసుకుపోయారు. రెండు రోజులు గొంతుక్కూర్చోబెట్టారు. మోటారు చివరికి దాని యజమాని బావమరిది పాకలోనే దొరికింది. పొరపాటైందని ఒక్కరూ అనలేదు. అప్పటి నుంచి ఖాకీ కనిపిస్తే కాళియన్ రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్తాడు. అతనికి మలర్ మీద ప్రేమ లేక కాదు. కూతుర్ని కాపాడడానికి అతని చేతిలో ఉన్నది ఒక్కటే దారి, ఇంట్లో కూర్చోబెట్టడం.

అయినా పాప్పాత్తి పని మానుకుని ఒక్కతే స్టేషన్‌కు వెళ్ళింది. గుమ్మంలో అదే కాన్‌స్టేబుల్. "ఎంద ఊరు?" అన్నాడు. రాగిమేడు అంది. "ఊరా, కాలనీయా?" అన్నాడు. కాలనీ అంది. "తళ్ళి నిల్లు" అన్నాడు. పాత బైకుల పక్కన ఎండలో మూడు గంటలు నిలబడ్డాక ఒకాయన బయటికి వచ్చి, పిల్లను వేరే బస్సుకు రమ్మనమని సలహా చెప్పి భోజనానికి వెళ్ళిపోయాడు. ఆ దారికి వేరే బస్సు లేదు. కుర్చీ లోపల ఖాళీగా ఉంది. ఇంటికి వచ్చే దారంతా పాప్పాత్తి పోలీసులను తిట్టలేదు, వేదవల్లిని తిట్టింది. ఆ గొలుసు తెగిపోవాలని, ఆ బోరు ఎండిపోవాలని, ఆ స్కూటీ మొదటి మలుపులోనే పడిపోవాలని. తిట్టి, పడితే చిత్రకే కదా దెబ్బ తగిలేదని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

సంగతి వేదవల్లి చెవిన పడింది. పెరట్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏమే, ఇంత జరిగితే నాతో చెప్పొద్దా? నేను వచ్చి ఒక మాట చెప్తే అయిపోయేది కదా."

అయిపోతుంది. అదే పాప్పాత్తి మంట. మూడు గంటలు ఎండలో కాల్చుకున్నా కదలనిది ఈవిడ ఒక్క మాటకు కదులుతుంది. "వద్దులే అమ్మా, మేమే చూసుకుంటాము" అని చింతకాయను అవసరానికి మించి గట్టిగా కొట్టింది. గింజ ఎగిరి వేదవల్లి చీరకు తగిలింది.

"కొత్తగా ఎస్.ఐ. వచ్చినాదంట, సరణ్య అని. హొసూరు పక్క, మన తెలుగామె. మనోళ్ళేలే" అంది వేదవల్లి, చీర దులుపుకుంటూ. ఆ మాట పాప్పాత్తి మనసులో తిరిగింది. మనోళ్ళు అంటే ఎవరోళ్ళు? అడగలేదు. సోమవారం దగ్గరపడుతోంది. మలర్ పుస్తకాలు సర్దకుండా గోడకు ఆనుకుని కూర్చుంటోంది. ఇంక రోషాన్ని దిగమింగి శనివారం పొద్దున వేదవల్లి గడప ముందు నిలబడి, "రండమ్మా" అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో వేదవల్లికి తెలియదు, పాపం. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

స్టేషన్లో అంతా పోయినసారి లాగే జరిగింది. కాన్‌స్టేబుల్ తువ్వాలు, నీలం కుర్చీ, "ఉక్కారుంగమ్మా". వేదవల్లి కూర్చుంది. పాప్పాత్తి గడప దగ్గరే ఆగింది, వెనక మలర్. బల్ల అవతల ఎస్.ఐ. సరణ్య కాగితాల్లోంచి తలెత్తింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. గడపలో బిక్కుబిక్కుమంటున్న మనిషిని చూసి, ఇంటి భాషలో మెత్తగా పిలిచింది.

"తల్లీ, ఇట్ల రా."

పాప్పాత్తి రెండడుగులు వెనక్కి వేసింది.

ఎస్.ఐ.కి అర్థం కాలేదు. గొంతు పెంచి, "తల్లీ! రా తల్లీ!" అంది. పాప్పాత్తి గబగబా వరండా దాటి, మెట్లు దిగి, పాత బైకుల దాకా పోయింది. ఇంటి దగ్గర మలర్‌ను రోజుకు పదిసార్లు తల్లీ అని పిలిచే మనిషే. కానీ ఆ గదిలోంచి ఆమెకు వచ్చే మాట ఒక్కటే. ఆ మాట తప్ప ఇంకోటి వస్తుందని ఆమె చెవులు ఎప్పుడూ ఎదురుచూడలేదు.

మలర్ పరుగెత్తి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "మా, తళ్ళి కాదు మా! తల్లి! తల్లి అంటా ఉండాది!"

లోపల కాన్‌స్టేబుల్ పక్కున నవ్వాడు. వేదవల్లి కూడా నవ్వబోయి, ఎస్.ఐ. మొహం చూసి ఆపుకుంది. ఎస్.ఐ. నవ్వలేదు. పెన్ను కింద పెట్టి కాన్‌స్టేబుల్ వైపు చూసింది, చాలాసేపు.

తల్లీకూతుళ్ళు మళ్ళీ లోపలికి వచ్చేసరికి వేదవల్లి మొదలుపెట్టేసింది. "మా ఇంట్లో పని చేసేదాని కూతురు మేడం. మా పిల్లకు పట్టినోళ్ళే, ఇప్పుడు దీనికి పట్టినారు." రైటరు చకచకా రాస్తున్నాడు. ఫిర్యాదు ఇచ్చినవారు: వేదవల్లి, భర్త కుప్పుసామి, రాగిమేడు ఊరు. మలర్ పేరు ఎక్కడో నాలుగో వరసలో పనిమనిషి కూతురుగా చేరింది. పాప్పాత్తికి చదవడం రాకపోయినా, వేదవల్లి చెప్పేది వినబడుతూనే ఉంది. కూతురి చున్నీ చిరగడం, చెప్పు పోవడం, భయం, ఏడుపు, అన్నీ ఆవిడ నోట్లోంచి ఆవిడ సొత్తులా వస్తున్నాయి. నా బిడ్డ కష్టం కూడా నీదేనా అని అరవాలనిపించింది.

అప్పుడు మలర్ ఒక పని చేసింది. గోడ పక్కన ఇంకో నీలం కుర్చీ ఉంది. ఎవరినీ అడగకుండా దాన్ని బరబరా ఈడ్చి, బల్ల ముందు వేసుకుని కూర్చుంది.

"కంప్లైంట్ నాది మేడం. నేనే చెప్తాను. నా పేరు మలర్. నాన్న కాళియన్, అమ్మ పాప్పాత్తి."

"ఏ వీధి?" అన్నాడు రైటరు, ఎస్.ఐ. వైపు ఓరగా చూస్తూ.

"కాలనీ. అట్లే రాయండి."

రైటరు చెయ్యి ఆగింది. ఎస్.ఐ. "కొత్త కాగితం తీసుకో" అంది. వేదవల్లి మొహం చిన్నబోయింది. మంచి చేయడానికే వచ్చిన మనిషి, ఎక్కడ తేడా వచ్చిందో ఆమెకు నిజంగానే తెలియదు.

పాప్పాత్తికి ముందు భయం వేసింది. ఆ తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, కుళ్ళు పుట్టింది. ఈసారి వేదవల్లి మీద కాదు, కన్నకూతురి మీద. తను నెలల తరబడి కలలో కూడా చూసింది అలాంటి కుర్చీనే. ఎవరో తుడిచి వేస్తారని, ఎవరో కూర్చోమంటారని కాచుకుంది. లాక్కుని కూర్చోవచ్చని నలభై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఈ పిల్లకు ఎవరు చెప్పారు?

"నువ్వూ కూర్చో తల్లీ" అంది ఎస్.ఐ., వేరే కుర్చీ చూపిస్తూ.

పాప్పాత్తి ఈసారి సరిగ్గానే విన్నది. అయినా నిలబడే ఉంది.

సోమవారం సాయంత్రం ఆరున్నరకు ఆమె బస్టాపుకు వెళ్ళింది. కాళియన్ కూడా వచ్చాడు, కానీ రోడ్డుకు అవతలే నిలబడ్డాడు. పోలీసు బండి ఉంది. ఆ తువ్వాలు కాన్‌స్టేబులే ఉన్నాడు. బస్సు వచ్చింది, పుస్తకాల సంచీతో మలర్ దిగింది. సరిగ్గా అప్పుడే బైకు కూడా వచ్చి పక్కకు ఒరగబోయింది. కాన్‌స్టేబుల్ లాఠీ ఎత్తి ఒక్క కేక వేశాడు.

"డేయ్, తళ్ళి పో!"

బైకు వాళ్ళు బెదిరి దూరంగా జరిగారు. మలర్ ఉన్నచోటే నిలబడి సంచీ భుజాన సర్దుకుంది. ఆ మాట తనకు కాదని ఆ పిల్లకు తెలుసు.

పాప్పాత్తికీ తెలుసు. తెలిసీ రెండడుగులు వెనక్కి వేసింది.

మలర్ అది చూసింది. వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. పాప్పాత్తి నడుస్తూనే, వెనక్కి పోని కూతురి కాళ్ళ వంక చూసింది, వాటి మీద కుళ్ళుకుంటూ.