సువార్తమ్మ ఈసీజీ గది

పామర్రులో క్లినిక్ బోర్డు మీద పేరు నాదే గాని, నడిపేది మా నర్సు సువార్తమ్మ. ఇరవై రెండేళ్ల సర్వీసు. బీపీ చూస్తూనే మనిషి అన్నం తిన్నదీ లేనిదీ చెప్పేస్తుంది. అందరినీ గద్దిస్తుంది, డాక్టరునని నన్నూ వదలదు.

మా వైపు ఒక అలవాటు ఉంది. ఆడమనిషికి ఒంట్లో బాగోకపోతే భర్త వెంట వస్తాడు, డాక్టరు అడిగినదానికి అతనే జవాబు చెబుతాడు. "దీనికి రెండు రోజుల్నించి తలనొప్పండీ." తల ఆమెది, నొప్పి ఆమెది, మాట మాత్రం ఆయనది! విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటలోనే మూడేళ్ల కిందట ఒక తప్పు చేశాను. మెడ కమిలి వచ్చిన ఒకావిడని భర్త ఎదురుగానే అడిగేశాను, "ఎవరైనా కొట్టారా అమ్మా?" అని. "లేదండీ, జారిపడ్డాను" అంది. ఆమె మళ్లీ రాలేదు.

"పిల్లిని పక్కన పెట్టుకుని ఎలకని సాక్ష్యం అడిగారు మీరు," అంది సువార్తమ్మ ఆ సాయంత్రం. ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది.

మొన్న జూన్‌లో భానుశ్రీ వచ్చింది. మూడు నెలల్లో ఇది మూడోసారి. ఈసారి మణికట్టు వాచింది. భర్త జయంత్ నవ్వుతూ చెప్పుకుపోతున్నాడు. "బాత్‌రూమ్‌లో పడిందండీ. గుండెదడ కూడా అంటుంది. అంతా టెన్షనండీ." పక్కన అతని తల్లి మాణిక్యమ్మ. భానుశ్రీ నేలకేసి చూస్తోంది. ఈమె కూడా మళ్లీ రాకపోతే? గుండెదడ నాకే మొదలైంది.

"దడ అంటున్నారుగా, ఈసీజీ తీద్దాం. మగవాళ్లు బయట కూర్చోండి," అంది సువార్తమ్మ.

ఈసీజీకి జాకెట్టు విప్పాలి. ఏ మొగుడూ పేచీ పెట్టడు. ఇంత సులువైన దారి నాకెందుకు తట్టలేదో!

"అయితే మా అమ్మ లోపలుంటుంది," అన్నాడు జయంత్.

అయిపోయిందనుకున్నాను. సువార్తమ్మ మాత్రం నావైపు తిరిగి, "పెద్దావిడ కుంటుతున్నారు డాక్టరు గారూ, కాస్త మోకాళ్లు చూడండి," అంది.

"అయ్యో, ఎప్పట్నించండీ?" అన్నాను.

ఆ ప్రశ్న కోసం మాణిక్యమ్మ పదేళ్లుగా ఎదురుచూస్తున్నట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. రాసిన నూనెలు, కట్టిన ఆకులు, ఎక్కలేని మెట్లు, అన్నీ చెప్పింది. నేను నా వృత్తిలో ఇంత శ్రద్ధగా ఎవరి మాటా వినలేదు. ఈసీజీ గదికి లోపల్నించి గడియ పడిన చప్పుడు నాకు వినిపించింది.

వాళ్లు వెళ్లాక సువార్తమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బెల్టుతో కొడతాడంటండీ. ఫోన్ వాడే చూస్తాడంట, చీటీ ఇచ్చినా దొరికిపోద్ది. అందుకే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 నంబరు నోటితో మూడుసార్లు చెప్పించాను. సోమవారం ఇక్కడికే వాళ్లని పిలవమంది. తనే అడిగిందండీ, నేను చెప్పలేదు!" తను చూసిన దెబ్బలన్నీ చెబుతుంటే తేదీ వేసి ఫైల్లో రాసుకున్నాను. జయంత్‌కి మాత్రం సోమవారం మళ్లీ ఈసీజీ అనీ, వాళ్ల పాపను కూడా తెస్తే బరువు చూస్తామనీ సువార్తమ్మ ముందే చెప్పి పంపింది.

సోమవారం పది గంటలకే హెల్ప్‌లైన్ మేడం, ఒక మహిళా కానిస్టేబులు వచ్చి ఈసీజీ గదిలో కూర్చున్నారు. పదకొండయింది. సువార్తమ్మ రోడ్డు మీదికి ఆరుసార్లు వెళ్లొచ్చింది. ఏడోసారి పరుగున వచ్చింది. "దిగారండీ! పాప కూడా ఉంది!"

మాణిక్యమ్మ నేరుగా నా దగ్గరికే వచ్చింది. "మొన్న ఎడమ మోకాలి సంగతి చెప్పడం మర్చిపోయానండీ." చెప్పమన్నాను. ఈసారి నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

అరగంటకి ఈసీజీ గది తలుపు తెరుచుకుంది. పాప చెయ్యి పట్టుకుని భానుశ్రీ, వెనక ఆ ఇద్దరు. జయంత్ గబుక్కున లేచాడు.

"ఎక్కడికి వెళ్తారమ్మా?" అడిగింది కానిస్టేబులు.

"ఇంటికేనండీ, దీనికి కొంచెం..." అంటూ అలవాటుగా అందుకున్నాడు జయంత్.

"అడిగింది నన్ను," అంది భానుశ్రీ. కానిస్టేబులు వైపు తిరిగింది. "విజయవాడండీ. మా అక్క దగ్గరికి వెళ్తాను."

నాలుగుసార్లు నా దగ్గరికి వచ్చిన మనిషి. ఆమె గొంతు నేను వినడం అదే మొదటిసారి.