పేరు పిలిస్తే పలికే మనిషి

మామ పోయాడన్న కబురు నాకు ఆలూరులో తెలిసింది. లారీ టైరు విప్పుతున్నాను. మా సంఘంలో ఉండే ట్రాక్టరు డ్రైవరు ఫోన్ చేశాడు. "మీ మామ పొద్దున పోయినాడప్పా. పోలింగు ఇంగ మూడు దినాలే ఉండాది," అని రెండూ ఒకే గుక్కలో చెప్పాడు. ఏం చేయాలో తోచక మళ్లీ టైరే విప్పుతూ కూర్చున్నాను.

మీలో చాలామంది ఆయన్ని జీతగాళ్ల విముక్తి సభల్లో చూసే ఉంటారు. కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో, ఏళ్ల తరబడి ఆసాముల ఇళ్లలో కట్టుబడి ఉన్న మనుషుల్ని బయటికి తెచ్చిన నాయకుడు. నాకు మాత్రం పక్కింటి మామ. ఎడమ చెయ్యి సరిగా లేచేది కాదు, ఉద్యమంలో ఎవరో కొట్టించారు. నొప్పిగా ఉందా అని అడిగితే, వానొస్తేనే నొప్పి, మనకు వాన యాడొస్తాదిలే అనేవాడు.

ఆయనా ఇరవై ఏళ్లు జీతగాడే. ఎన్నికల రోజు ఆసామి వాళ్లందర్నీ కల్లంలో కూర్చోబెట్టి మాంసం కూర పెట్టించేవాడు. తిని, సాయంత్రం దాకా అక్కడే ఉండి ఇళ్లకొచ్చేవాళ్లు. ఓటంటే అదేనని మామ అనుకున్నాడు. ఓటేసొచ్చినానని అత్తకు చెప్పి పడుకునేవాడట. ఒకసారి ఆసామి తమ్ముడికి అన్నం క్యారియరు ఇవ్వడానికి పోలింగు జరిగే బడి దగ్గరికి పోయాడు. లోపల ఎవరో ఆయన పేరు చదివారు, తండ్రి పేరుతో సహా. అంత నిండుగా ఆయన్ని ఎవరూ ఎన్నడూ పిలవలేదు. పలుకుదామని నోరు తెరిచేలోపు లోపలే ఇంకెవరో "ఉండా" అన్నారు.

"నేను ఈడ నిలబడుంటే, ఆడ పలికిందెవుర్రా?" ఈ మాట నాతో వందసార్లు చెప్పుంటాడు. ఆ ఏటి నుంచి ఆయన మళ్లీ జీతానికి పోలేదు.

తర్వాత తను పెట్టిన జీతగాళ్ల సంఘం మీటింగులో ముందు అందరి పేర్లూ చదివించేవాడు. ఎవరి పేరుకు వాళ్లే పలకాలి. అత్త అన్నానికి పిలిచినా "ఉండా" అని గట్టిగా పలికేవాడు. ఉండావులే, లేసి రా, అని ఆమె విసుక్కునేది.

నేను ఎనిమిదిలో బడి మానేశాను. అంతకుముందు కొన్ని నెలలు నా హాజరు నా స్నేహితుడే పలికేవాడు. బడి మానినందుకు మామ ఏమీ అనలేదు. హాజరు సంగతి తెలిసి మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు.

చివర్లో బాగా అలిసిపోయాడు. కుర్రాళ్లంతా నాపరాయి గనులకు పోయారు. మీటింగులో పేర్లు చదవడం తొందరగా అయిపోయేది. అయినా ఈసారి అత్తను సర్పంచికి నిలబెట్టాడు. "ముప్పై ఏండ్లు సంగటి పెట్టింది. ఒక్క ఓటన్నా ఎయ్యాల గదా," అని నవ్వాడు. తన ఓటు చీటీని బీడీకట్టతో పాటు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

పోలింగు రోజు నేనే అత్త తరఫు ఏజెంటుని. ఆమె పొద్దున్నే వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ఓటేసి వెళ్లిపోయింది. మధ్యాహ్నం అవతలి ఏజెంటు అన్నానికి లేచిన సందులో డ్రైవరు లోపలికొచ్చాడు. అతని సొంత ఓటు పక్క ఊర్లో ఉంది. చేతిలో ఉన్నది మామ చొక్కా జేబులోంచి తీసుకొచ్చిన చీటీ. మామ ఓటు అత్తకే పడాల, నువ్వు మాత్రం నోరెత్తొద్దు అని ముందురోజే నాకు చెప్పి పెట్టాడు.

అధికారి పేరు చదివాడు, తండ్రి పేరుతో సహా. డ్రైవరు నా వైపు చూశాడు. ఆ ఓటు నాకూ కావాలి. గెలిస్తే మామ సగం బతికినట్టే అనిపించింది.

"ఆ మనిషి లేడు సార్," అన్నాను. "సచ్చిపోయినాడు."

ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. అధికారి పేరు పక్కన ఏదో రాసుకున్నాడు. డ్రైవరు చీటీ నా ఒళ్లో పడేసి, నువ్వేం అల్లునివిరా అని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఓడిపోయాం. ఒక్క ఓటుతో కాదులెండి, చాలా ఓట్లతోనే. నేను పోయి మామ ఇంటి గడప దగ్గర కూర్చున్నాను. గెలుపోటముల సంగతి అత్త అడగలేదు.

"మీ మామ పేరు సదివినారా?"

"సదివినారత్తా."

"ఎవురు పలికినారు?"

"ఎవుర్నీ పలకనీల్యా."

తల ఊపింది. చీటీ ఆమె చేతిలో పెట్టాను, ఇంకా బీడీ వాసనే వేస్తోంది. సిరా మరక ఉన్న వేలితో దాని మడతలు చదును చేసింది. లేచి వెళ్లి, గోడ మేకుకు వేలాడుతున్న ఆయన చొక్కా జేబులో మళ్లీ పెట్టింది.