మేయరమ్మ ఎత్తని గుద్దలి

మల్లమ్మను దించేసినారు. పరిపాలన చేతకాదని కారణం చెప్పినారు. అబద్ధం. జరిగింది నేను చూసినా.

పెండ్లయిన కొత్తలో మడకశిర పక్కనించి మొగునితో కూలికొచ్చి, బెంగళూరు అంచున మా ఊర్లో రేకుల గుడిసె వేసుకునింది. కట్టే మేడ మీదనుంచి పడి మొగుడు పోయినా, సిమెంటు తట్ట దించలేదు. కొళాయి కాడ కొట్లాటలు తీర్చి తీర్చి పేరొచ్చింది. నగరసభ ఎన్నికల్లో మా వార్డు ఆడోళ్లకు పడింది. లీడరు చిక్కమునియప్పకు తెలుగు కూలోళ్ల ఓట్లు కావాల, ఆమెను నిలబెట్టినాడు. గెలిచింది. అధ్యక్ష పదవీ ఆడోళ్లకే రిజర్వయితే, చెప్పినచోట సంతకం పెడుతుందిలే అని ఆమెనే కూర్చోబెట్టినాడు. మేం మేయరమ్మ అన్నాం. ఆయన మనుషులూ అన్నారు, ఎగతాళిగా.

తర్వాత మా గుడిసెలున్న జాగాలోనే మార్కెట్ కాంప్లెక్స్ అన్నారు. పని మొదలుపెట్టే గుద్దలిపూజకు షామియానా వచ్చింది, దండలొచ్చినాయి, ఫొటోగ్రాఫరొచ్చినాడు. గుద్దలి మర్చిపోయినారు. ఎవడో ఒక గుడిసెలో అడిగి తెచ్చి పసుపుకుంకుమ పూసినాడు. ఎవరి కొంప కూల్చాలనుకున్నారో వాళ్ల గుద్దలే అరువు. సిగ్గన్నా ఉండొద్దా?

"ఒక్క దెబ్బేసి ఫొటోకు నిలబడమ్మా," అన్నాడు చిక్కమునియప్ప.

మల్లమ్మ గుద్దలి కట్టెకు చుట్టిన ఇనప కంబీ చూసి గుర్తుపట్టింది. "ఇది నీది కదా నర్సమ్మా?"

"నాదేనక్కా. పూజకంటే ఇచ్చినా."

మల్లమ్మ లీడరు దిక్కు తిరిగింది. "వీళ్లకు జాగా యాడ చూపిస్తావప్పా?"

"అదంతా తర్వాత."

"చూపించు. తర్వాతే కొడతా."

"తట్ట మోసుకుంటా వచ్చినదానివి. కుర్చీ ఇస్తే నన్నే అడుగుతావా?"

"కుర్చీ నువ్విచ్చినావు, తీసుకో. గుద్దలి నీది కాదు."

కొంగుతో పసుపు తుడిచి గుద్దలి నర్సమ్మ చేతికిచ్చింది. మైకువాడు పాట పెట్టాలో ఆపాలో తెలీక నిలబడిపోయినాడు.

కొన్నాళ్లకే అవిశ్వాసం పెట్టినారు. ఆమె చేతి ముద్ద తిన్న మెంబర్లే ఆమెను దించాలని చేతులెత్తినారు. పనిచేయని మేయర్లను ఏండ్లకేండ్లు మోస్తారు గానీ, ఒక్క మాటడిగిన మనిషిని ఒక్కరోజు కూడా ఓర్చుకోలేరు.

కుర్చీ ఎక్కిన కొత్తామె కొత్త గుద్దలి కొనుక్కొని రేపొస్తాదంట. రానీ. నర్సమ్మ వాకిట్లో మల్లమ్మ చాప పరుచుకొని కూర్చోనుండాది. ఆ పాత గుద్దలి పక్కనే ఉండాది.