తొట్టిలో పురుడు

వదిన వచ్చి ఉంటానన్నప్పుడు ఆమె కాదనలేదు, సంబరపడనూ లేదు. ఇంట్లో ఇంకో మనిషి అంటే ఇంకో కంచం, ఇంకో పక్క, ఇంకొన్ని మాటలు. మొదటి రెండూ ఎలాగోలా సర్దుకోవచ్చు. మాటలకే ఆమెకు ఓపిక లేదు.

ఆమె గోల్డ్‌ఫిష్ పెంచుతుంది. ఇంటి వెనక ఖాళీ జాగా నిండా సిమెంటు తొట్లు, వాటి మధ్య ఒక్క మనిషి ఒదిగి నడిచేంత దారి. మొదట్లో అది భర్త సరదా. ఒక గాజు తొట్టితో మొదలుపెట్టి, చేపల చేత పిల్లల్ని పెట్టించడం నేర్చుకుని, ఉన్న ఉద్యోగం మానేసి ఇందులోకే దిగాడు. కొన్నాళ్లకు చేపల్ని షాపులకు తీసుకెళ్లి ఇచ్చే పని అతనికి బాగా నచ్చింది. నలుగురితో మాట్లాడొచ్చు, నాలుగు ఊళ్లు తిరగొచ్చు. తొట్లు మాత్రం ఆమెకు మిగిలాయి. నీళ్లు మార్చడం, పాచి గీకడం, మేత వేయడం, జబ్బు చేసినవాటిని విడదీయడం. ఏళ్ల తరబడి చన్నీళ్లలో నానిన చేతులు మణికట్టు దగ్గర పీకుతుంటాయి.

"చేపలకు ఒంట్లో బాగోకపోతే నాకు తెలుస్తుంది. నాకు బాగోకపోతే ఎవరికీ తెలీదు" అని ఒకసారి భర్తతో అంది. అతను నవ్వి, భలే అన్నావన్నాడు.

వదినంటే భర్తకు అక్క. పెళ్లి చేసుకోలేదు. ఆసుపత్రి పురిటి వార్డులో ఆయాగా జీవితమంతా గడిపి, ఈ మధ్యే రిటైరైంది. ఇకనైనా ఆ మూలుగులూ అరుపులూ లేని చోట ప్రశాంతంగా ఉందామని తమ్ముడింటికి వచ్చింది.

వదిన వచ్చేసరికి చేపలు గుడ్లు పెట్టే కాలం. ఒక సాయంత్రం పెద్ద తొట్టిలో కొత్త నీళ్లు నింపి, ఒక ఆడచేపను మూడు మగచేపలతో కలిపింది మరదలు. మగవాటి చెంపల మీద తెల్లటి చుక్కలు పొడిచాయి, ఈడొచ్చిందనడానికి అదే గుర్తు. ఆడదాని పొట్ట ఒక పక్కకు ఒరిగిపోయేంత నిండింది. గుడ్లు అంటుకోవడానికి నైలాన్ దారాల కుచ్చులు నీళ్లలో వేలాడదీసింది. తెల్లవారుతుండగా మగవి ఆడదాన్ని తరమడం మొదలుపెడతాయి. గుడ్లు పెట్టడం కాగానే పెద్దచేపల్ని బయటికి తీసేయాలి, లేదంటే వాటి గుడ్లను అవే తినేస్తాయి. అందుకని ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆమే.

తెల్లారగట్ల స్టూలు వేసుకుని తొట్టి పక్కన కూర్చుంది. నీళ్లు చిందుతున్నాయి, తరుముడు మొదలైంది. ఇంకేం, అంతా సవ్యంగా నడుస్తోందని ఒక్క క్షణం గోడకు తల ఆనించింది.

కళ్లు తెరిచేసరికి వదిన ఎదురుగా నిలబడి ఉంది. మోచేతుల దాకా తడి. కాళ్ల దగ్గర బకెట్లో ఆడచేప.

"ఏం చేశావు వదినా?"

"చూస్తూ ఊరుకోమంటావా? మూడూ కలిసి దాన్ని గోడకేసి నొక్కేస్తున్నాయి. పొలుసులు కూడా ఊడాయి చూడు. నువ్వేమో నిద్రపోతున్నావు."

"అవి కొట్టుకోవట్లేదు. అది గుడ్లు పెడుతోంది. వెంటపడి పొట్టలో పొడిస్తేనే గుడ్లు వస్తాయి."

వదిన బకెట్లోకి వంగి చూసింది. "నొప్పులు పడుతున్నదాన్ని పరిగెత్తించి పొడుస్తారా? మా వార్డులో అయితే పెద్దనర్సు ఇలాంటి మొగుళ్లని గేటు దాటనిచ్చేది కాదు."

ఇంకెప్పుడైనా అయితే మరదలికి నవ్వొచ్చేదే. కోపం కూడా రాలేదు. కోప్పడాలన్నా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. చేపను తిరిగి తొట్టిలో వదిలింది. అది రెక్కలు ముడుచుకుని మూలకు చేరింది. మగవి ఒకటి రెండు సార్లు దగ్గరికొచ్చి మళ్లిపోయాయి. కుచ్చులకు కొద్దిపాటి గుడ్లే అంటుకుని ఉన్నాయి. మిగతావన్నీ ఇంకా దాని కడుపులోనే.

"ఇప్పుడేమవుతుంది?" అంది వదిన, గొంతు తగ్గించి.

"లోపలే ఉండిపోతే చచ్చిపోవచ్చు. చేత్తో పిండాలి. ఎక్కువ నొక్కితే అదీ ప్రమాదమే." చేతులు చాపి చూపించింది. వేళ్లు సరిగా ముడుచుకోవడం లేదు. "వీటితో నా వల్ల కాదు."

వదిన చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంది. "ఎక్కడ నొక్కాలో చెప్పు."

మరదలు చెయ్యి మళ్లీ తడి చేసుకోమంది. పొట్ట మీంచి తోక వైపుకి బొటనవేలు మెల్లగా జరపమంది. వదిన చేపను అరచేతిలో వెల్లకిలా పట్టుకుంది. ఆ పట్టులో తొందర లేదు, భయమూ లేదు. ఆమె గొంతే మారిపోయింది.

"అయిపోయింది తల్లీ. ఇంకొక్కసారి. అంతే."

తేనె రంగు గుడ్లు సన్నటి ధారగా వెడల్పాటి బేసిన్లోకి జారాయి. తర్వాత ఒక మగచేపను పట్టి, అలాగే మెల్లగా నొక్కి, పాలలాంటి దాని వీర్యం గుడ్ల మీద పడేలా చేశారు. దానికి క్షణం పట్టింది.

"చూశావా," అంది వదిన, "వీడి పని ఎంత తేలికగా అయిపోయిందో."

ఈసారి మరదలికి నవ్వొచ్చింది, కొంచెం.

ఆడచేప మందుగా కాస్త ఉప్పు కలిపిన నీళ్ల టబ్బులో కొన్నాళ్లు మేత ముట్టకుండా పడి ఉండి, చివరికి కోలుకుంది. గుడ్లలో సగానికి పైగా మర్నాటికే తెల్లబడి దూదిలా బూజు పట్టాయి. చెడ్డవాటిని ఏరకపోతే మంచివీ పోతాయి. వదిన తప్పయిందని అనలేదు. డ్రాపర్ తీసుకుని బేసిన్ ముందు కూర్చుంది.

"రోజూ ఇలాగే లేస్తావా?" అని అడిగింది తల ఎత్తకుండా. "వాడో?"

"ఆయన పడుకుంటారు. బండి నడపాలిగా."

"మా వార్డులో షిఫ్టులుండేవి. వెళ్లి పడుకో."

"మళ్లీ దేన్నైనా బయటికి తీసేస్తావేమో."

"తియ్యను. నిన్నడిగే తీస్తా."

"అడగడానికి నన్ను లేపకు వదినా."

మిగిలిన గుడ్లు పిల్లలయ్యాయి. కనురెప్ప వెంట్రుకల్లా బేసిన్ అంచుకు అతుక్కుని ఉన్నాయి. తర్వాతి తరుముళ్లకు వదిన కాపలా కాసింది. నీళ్లు చిందుతున్నంతసేపూ మొహం గోడవైపు తిప్పుకునేది, చప్పుడు తగ్గాక లేచి గుడ్లు అంటుకున్న కుచ్చుల్ని వేరే టబ్బులోకి మార్చేది. లోపల మరదలు ఎండెక్కేదాకా పడుకునేది. లేచాక కూడా చేతులు పీకుతూనే ఉండేవి, ఒళ్లు బరువుగానే ఉండేది. ఇన్నేళ్ల అలసట నాలుగు నిద్రలకు పోతుందా?

ఒకరోజు భోంచేస్తూ భర్త అడిగాడు. "అక్క ఎన్నాళ్లుంటుందట?"

"నాకేం తెలుసు, ఆవిడనే అడుగు."

కంచం తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆగింది.

"వద్దులే. అడగకు."